నెల జీతం, సీజను కూలి: బెజవాడ, గుంటూరుల్లో యంత్రం చేసిన పంపకం

"ఫలానా వాళ్ళబ్బాయికి మొదటి జీతం పడిందట" అంటే ఈరోజు ఆ ఇంట్లో స్వీట్లు పంచుతారు. ఇదే మాటని వందేళ్ళ కిందట కృష్ణా, గుంటూరు పల్లెల్లో వేరే అర్థంలో వాడేవారు. ఒకడు "జీతానికి కుదిరాడు" అంటే ఏదో ఆసామి ఇంట్లో ఏడాదికి ఇన్ని బస్తాలని మాట్లాడుకుని పాలేరుగా చేరాడని అర్థం. తెల్లారకముందు కొట్టంలో పేడ తీయడంతో మొదలైన పని రాత్రి పశువులకి మేత వేసేదాకా సాగేది, పెళ్ళికో చావుకో తెచ్చుకున్న అప్పు ఉంటే ఏడాది గడిచినా బయటపడే దారి ఉండేది కాదు, తండ్రి అప్పుకి కొడుకు జీతగాడైన ఇళ్ళు ఎన్నో. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ కేంద్రం చట్టం తెచ్చింది 1976లో, అంటే ఆ పద్ధతి మన అమ్మానాన్నల కాలం దాకా ఉందన్నమాట. అప్పట్లో బందీతనాన్ని చెప్పిన మాటే ఇప్పుడు భరోసాని చెబుతోంది. మధ్యలో వచ్చింది రైలు, మిల్లు, కరెంటు.

కానీ ఆ మార్పు అందరి గడపా తొక్కలేదు. బొంబాయి, అహ్మదాబాద్‌లలో లాగా వేలమంది ఒకే గేటు గుండా లోపలికి వెళ్ళే బట్టల మిల్లులు మన వైపు పెద్దగా రాలేదు, విశాఖలో లాంటి ఉక్కు ఫ్యాక్టరీ లేదు. ఇక్కడికి పరిశ్రమ వచ్చిన దారి వేరు. కాలవ, రైలు, రైసు మిల్లు, పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లు, పొగాకు బ్యారన్, మిర్చి గోడౌన్, లారీ షెడ్డు, చాలా ఆలస్యంగా థర్మల్ స్టేషన్. వీటిలో సగానికి సగం పంట చేతికొచ్చినప్పుడు తెరుచుకుని, పంట అయిపోగానే మూతపడేవే. అందుకే ఇక్కడి కష్టజీవుల్లో కొద్దిమందికి నెల జీతం దక్కింది, మిగతావాళ్ళకి సీజను కూలి మిగిలింది. ఆ మిగిలినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. ఇది వాళ్ళ తలరాత వల్ల జరిగింది కాదు, ఎలా జరిగిందో ఒక్కో మెట్టూ చూస్తే తెలుస్తుంది.

ముందు రాట్నం సంగతి చూడాలి. ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు మచిలీపట్నంలో దిగింది 1611లో, మన తీరం బట్ట కోసమే. ఈ బట్ట ఇంగ్లండులో ఎంత అమ్ముడుపోయిందంటే అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు, దాంతో 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి చట్టాలు చేసి మన అద్దకపు బట్టల్ని తమ దేశంలో ఆపేసుకున్నారు. ఆ తర్వాత యాభై అరవై ఏళ్ళకి వడికే యంత్రాలు వచ్చాయి, ఒక్క మనిషి చేతి కింద పదుల కదుళ్ళు తిరగడం మొదలైంది, పంతొమ్మిదో శతాబ్దంలో మాంచెస్టర్ నూలు, గుడ్డ ఓడలెక్కి మన రేవుల్లోనే దిగాయి. దీని గురించి ఎవరు చెప్పినా నేతన్న మగ్గం మూలపడిందనే చెబుతారు. నిజానికి ముందు మూలపడింది మగ్గం కాదు, రాట్నం. ఒక మగ్గానికి సరిపడా నూలు కావాలంటే చాలామంది ఆడవాళ్ళు వడకాలి. వాళ్ళు ఒక్క సాలె ఇళ్ళవాళ్ళే కాదు, విధవలు, ముసలమ్మలు, పొలం పని లేని రోజుల్లో కూలి ఇళ్ళ ఆడవాళ్ళు, ఎవరికి తీరిక దొరికితే వాళ్ళు వడికి చిలపలు చుట్టి అమ్ముకుని ఉప్పుకో చమురుకో నాలుగు డబ్బులు చూసుకునేవాళ్ళు. మిల్లు నూలు చవగ్గా దొరకగానే ఆ నాలుగు డబ్బులూ పోయాయి. దాని గురించి ఎవరూ ఊరేగింపు తీయలేదు, ఏ దస్తావేజులోనూ అది ఒక వృత్తిగా పోయినట్టు రాసిపెట్టలేదు, ఎందుకంటే అది ఇంటి అరుగు మీద జరిగే పని.

మగ్గం మాత్రం చావలేదు. మంగళగిరి, చీరాల వైపు గుంట మగ్గాలు ఇప్పటికీ ఆడుతున్నాయి. చేతి నూలు కన్నా సమానంగా, తెగకుండా ఉండే మిల్లు నూలు దొరకడం నేతగాడికి మొదట్లో మేలే చేసింది. అయితే ఆ నూలు కొనాలంటే చేతిలో డబ్బుండాలి, లేనివాడు షావుకారు దగ్గర నూలు తెచ్చుకుని నేసి, గుడ్డ అతనికే ఇచ్చి మజూరీ తీసుకోవాలి. అలా ఇల్లు తనదే, మగ్గం తనదే అయినా నేతగాడు కూలివాడయ్యాడు. కండెలు చుట్టే భార్యకీ, పడుగు సరిచేసే తల్లికీ అసలు మజూరీయే లేదు, అదంతా ఇంటాయన చీర ధరలో కలిసిపోయింది. ఇప్పటికీ అంతే.

రెండో దెబ్బ రోకలి మీద పడింది. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు జిల్లాని ఊడ్చేసింది, జిల్లా జనాభాలో మూడో వంతు దాకా పోయారని అంచనా, జనం దాన్ని డొక్కల కరువు అన్నారు. ఆ కరువు తర్వాతే కృష్ణకి ఆనకట్ట కావాలన్న మాట బలపడి, 1852లో మొదలుపెట్టి 1855కి బెజవాడ దగ్గర కట్టారు. ఆనకట్టతో డెల్టా పచ్చబడింది, వరి విస్తరించింది, ఎవరూ కాదనలేని మేలు అది, లక్షల ప్రాణాలు దాని వల్ల నిలిచాయి. వరి పెరిగితే దంపుడు పని కూడా పెరగాలి. ఆసాముల ఇళ్ళల్లో వడ్లు దంపితే కూలి కింద నూకలు, తవుడు, కొంచెం బియ్యం దొరికేవి, పేద ఇంటి ఆడమనిషికి పొయ్యి వెలిగేది వాటితోనే. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో తెనాలి, గుడివాడ, బెజవాడల్లో రైసు మిల్లులు వరసగా లేచాయి. మిల్లు ఒక్క పూటలో ఆడేసే ధాన్యం దంపడానికి ఊళ్ళో రోకళ్ళన్నీ కలిసినా నెలలు పడుతుంది. దంపే ఆడవాళ్ళ భుజాలకి సుఖం దొరికిన మాట నిజమే. నూకలు కూడా ఆగిపోయాయి. ఇక ఆ ఆడవాళ్ళు మిల్లు కళ్ళంలో వడ్లు ఎండబోసి, నెరుపుతూ, కాళ్ళతో తిరగతోసే పనికి రోజు కూలి మీద వెళ్ళారు. లోపల ఇంజను దగ్గర ఉండే డ్రైవరు, ఫిట్టరు మగవాళ్ళు, వాళ్ళకి నెలకి ఇంత అని ఉండేది. ఇంతకుముందు చెప్పిన పంపకం మొట్టమొదట స్పష్టంగా కనిపించేది ఈ రైసు మిల్లు గోడకి అటూ ఇటూనే.

రైలు తెచ్చిన మార్పు వేరే రకం. 1880ల చివర్లో బెజవాడకి రైలొచ్చింది, 1900 నాటికి మద్రాసు, కలకత్తా, హైదరాబాద్ మూడు వైపులకీ దారులు కలిశాయి. అప్పటిదాకా ధాన్యం, ఉప్పు, కలప ఏలూరు కాలవ మీదా బందరు కాలవ మీదా పడవల్లో వెళ్ళేవి, గట్టు వెంట తాడు లాగుతూ నడిచే కళాసీలకి అదే బతుకు. నెమ్మదిగా ఆ సరుకంతా వ్యాగన్లకి ఎక్కింది. చిత్రంగా కళాసీ అన్న మాట కూడా కాలవ దిగి రైలెక్కింది, రైల్వేలో కింది మెట్టు ఉద్యోగి ఖలాసీ అయ్యాడు. రైల్వేతో పాటు వచ్చిన ఇంకో మాట డ్యూటీ. అంతకుముందు కూలివాడి రోజుకి పొద్దు పొడవడం, బారెడు పొద్దెక్కడం, పొద్దు గూకడం తప్ప లెక్క లేదు, రాత్రి అయితే జాముల లెక్క, వేగుచుక్క. ఆ పొద్దు ఎండాకాలం పెరుగుతుంది, చలికాలం తగ్గుతుంది, పని కూడా దానితో పాటే. రైలు బండికి పొద్దుతో పని లేదు, 2 గంటల 10 నిమిషాలంటే అర్ధరాత్రయినా అదే. సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్లలో ఒకప్పుడు కాల్ బాయ్ అర్ధరాత్రి తలుపు తట్టి డ్రైవర్నీ గార్డునీ లేపడం మామూలు విషయం. మనిషి నిద్ర కూడా టైం టేబుల్ కిందికి వచ్చింది. "డ్యూటీ ఎక్కాడు", "డ్యూటీ దిగాడు" అన్న మాటలు బెజవాడ ఇళ్ళలో ఎంత ఇంకిపోయాయంటే ఇప్పుడు సెక్యూరిటీ గార్డు, నర్సు, క్యాబ్ డ్రైవరు అందరూ అవే వాడతారు.

ఆ నిద్ర పోగొట్టుకున్నందుకు రైల్వే మనిషికి ప్రతిఫలం దొరికింది, అదీ అడిగి, పోరాడి తెచ్చుకున్నందువల్ల. 1974 మే 8 నుంచి 27 దాకా జరిగిన దేశవ్యాప్త రైల్వే సమ్మెలో బోనస్‌తో పాటు 8 గంటల పని కూడా ఒక డిమాండు. వేలమందిని జైళ్ళలో వేశారు, క్వార్టర్లు ఖాళీ చేయించారు, ఉద్యోగాలు పీకేశారు. సమ్మె ఓడిపోయినట్టే ముగిసింది, కానీ బోనస్ తర్వాత కొన్నేళ్ళకి వచ్చింది. క్వార్టరు, పాసు, రైల్వే ఆసుపత్రి, పెన్షన్, ఇవన్నీ ఉన్న ఇంట్లో పిల్లలు చదువుకున్నారు. ఖలాసీ మనవరాలు ఇంజనీరైన ఇళ్ళు విజయవాడలో వీధికొకటి దొరుకుతాయి. పాలేరు కొడుకు పాలేరు అవ్వాల్సిన దేశంలో ఇది చిన్న సంగతి కాదు.

యంత్రాలు పుట్టిన ఇంగ్లండులోనూ మొదట్లో కూలీల పరిస్థితి ఘోరంగానే ఉండేది. 1842లో కూలీల ఆరోగ్యం మీద ఎడ్విన్ చాడ్విక్ అనే అధికారి ఇచ్చిన రిపోర్టులో మాంచెస్టర్ కూలి కుటుంబాల సగటు చావు వయసు 17 ఏళ్ళు, రట్లండ్ అనే పల్లె ప్రాంతంలో అదే కూలీలకి 38. పసిపిల్లల చావులు కలిసినందుకు అంకె అంత కిందికి దిగింది, అయినా ఆ తేడా చూస్తే ఫ్యాక్టరీ ఊరు మొదటి తరాన్ని ఎలా మింగిందో తెలుస్తుంది. 1833 చట్టంతో 9 ఏళ్ళ లోపు పిల్లల్ని బట్టల మిల్లుల్లో పెట్టుకోకూడదన్నారు, 1847లో ఆడవాళ్ళకీ కుర్రవాళ్ళకీ 10 గంటల పరిమితి పెట్టారు. మన దేశానికి మొదటి ఫ్యాక్టరీ చట్టం 1881లో వచ్చింది. బొంబాయి మిల్లులు పిల్లలతో చవగ్గా నేయించి పోటీకొస్తున్నాయని ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుదారులు ఒత్తిడి తేవడం దాని వెనక ఒక ముఖ్య కారణం, జాలి రెండో కారణం. 7 ఏళ్ళలోపు పిల్లలు పనికి వద్దు, 12 లోపు వాళ్ళకి 9 గంటలు మించొద్దు అని ఆ చట్టం. పెద్దవాళ్ళ గంటల ఊసే లేదు.

అక్కణ్ణించి 1922లో వారానికి 60 గంటలు, 1934లో 54, 1946లో 48 అంటూ తగ్గుతూ వచ్చాయి. ఇక్కడ ఒక్కసారి ఆగి 1934 చట్టాన్ని దగ్గరగా చూడాలి, మన ప్రాంతపు కథంతా అందులోనే ఉంది. ఆ చట్టం ఫ్యాక్టరీలని రెండుగా చీల్చింది, ఏడాది పొడవునా నడిచేవి, సీజనల్‌గా నడిచేవి. మొదటివాటికి వారానికి 54 గంటలు, సీజనల్ వాటికి 60. సీజనల్ అంటే ఏవి? పత్తి జిన్నింగ్, పత్తి, జనపనార ప్రెస్సింగ్, వేరుశనగ కాయ కొట్టడం, చక్కెర, కాఫీ, టీ లాంటివి. అంటే గుంటూరు రైతు పండించిన పత్తిని గింజ తీసి బేలు కట్టే మనిషి, అదే పత్తిని బొంబాయిలో నూలు తీసే మనిషి కన్నా వారానికి 6 గంటలు ఎక్కువ పని చేయొచ్చని చట్టమే చెప్పింది. తర్వాత 1948లో కార్మికుల వైద్యానికి, బీమాకి ఈఎస్ఐ చట్టం వచ్చినప్పుడు కూడా సీజనల్ ఫ్యాక్టరీలని బయటే ఉంచారు, జిన్నింగ్ మిల్లులతో సహా. పత్తి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్ళేది జిన్నింగ్‌లోనూ వెళ్తుంది, స్పిన్నింగ్‌లోనూ వెళ్తుంది. వైద్యం మాత్రం నెలల లెక్కని బట్టి.

పొగాకు దగ్గరికి వద్దాం, గుంటూరు పేరు ప్రపంచానికి తెలిసింది దానితోనే. సిగరెట్టు కంపెనీల కోసం వర్జీనియా పొగాకు 1920లలో ఇక్కడి నల్లరేగడిలో పాతుకుంది. నాటు పొగాకుని ఎండలో ఆరబెట్టేవాళ్ళు, వర్జీనియాకి అది చాలదు, బ్యారన్ కావాలి. బ్యారన్ అంటే గదిలాంటి ఎత్తయిన కట్టడం, లోపల అంచెలంచెలుగా దూలాలు, కింద నేల మీద రేకు గొట్టాలు, బయట కట్టెల పొయ్యి. పొద్దున్నే ఆడవాళ్ళు కోసి తెచ్చిన ఆకుని కర్రలకి పురికొసతో జతలు జతలుగా కడతారు, మగవాళ్ళు దూలాల మీదికి ఎక్కి ఆ కర్రలు అందుకుని పైనుంచి కిందికి వేలాడదీస్తారు. తర్వాత అయిదారు రోజులు పొయ్యి ఆరకూడదు. మొదట గోరువెచ్చగా ఉంచి ఆకు పండనివ్వాలి, రంగు నిలవగానే కొంచెం కొంచెంగా వేడి పెంచి చివరికి ఈనె ఎండడానికి 70 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా తీసుకెళ్ళాలి. వేడి ఒక్కసారి ఎగిరిందా ఆకు నల్లబడుతుంది, ఆ రాత్రికి ఆ బ్యారన్ మొత్తం నష్టమే. అందుకే పొయ్యి దగ్గర కూర్చున్నవాడు రాత్రంతా కిటికీ సందులోంచి టార్చి వేసి థర్మామీటర్ చూస్తూ, ఒక మొద్దు ఎగదోస్తూ, ఒక మొద్దు లాగుతూ, కునుకు వస్తే మొహం మీద నీళ్ళు కొట్టుకుంటూ తెల్లారుస్తాడు. బడి మొహం చూడనివాళ్ళు కూడా ఫారెన్‌హీట్ అంకెలు చదవడం ఆ పొయ్యి దగ్గరే నేర్చుకున్నారు. పెద్ద నైపుణ్యం ఇది, ఏ సర్టిఫికెట్టూ లేని నైపుణ్యం.

ఆకు కోసే, కట్టే ఆడవాళ్ళ చేతులకి నల్లటి బంక పడుతుంది, సబ్బుకి పోదు. మంచులో తడిసిన పచ్చాకు తగిలితే అందులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగి తల తిప్పుతుంది, వాంతులవుతాయి. కొత్తగా పనికొచ్చిన పిల్ల మొదటి రోజు వాంతి చేసుకుంటే "ఆకు పట్టింది, అలవాటవుతుందిలే" అనేవాళ్ళు తోటివాళ్ళు. తర్వాత గ్రేడింగ్. పెద్ద షెడ్డులో వందలమంది ఆడవాళ్ళు వరసల్లో కూర్చుని, ఒక్కో ఆకు చేతిలోకి తీసుకుని రంగు, మచ్చ, పలచన, పొడవు చూసి వేరే వేరే కుప్పల్లో వేస్తారు. లండన్‌లో ఒక సిగరెట్టు రుచి ఈ నెలా వచ్చే నెలా ఒకేలా ఉండాలంటే గుంటూరులో ఆ కళ్ళు తప్పు చేయకూడదు. ఆ రోజుల్లో ఆ షెడ్డుల్లోనే సంఘాలు పుట్టాయి, కూలి రేట్ల కోసం సమ్మెలు జరిగాయి. 1976లో పొగాకు బోర్డు గుంటూరు కేంద్రంగా మొదలైంది, రైతుకి, వ్యాపారికి, ఎగుమతికి అక్కడ చోటు ఉంది. గ్రేడింగ్ ఆమెకి మాత్రం మార్చి, ఏప్రిల్, మే గడిచాక ఆ ఊళ్ళో ఉనికే లేదు, మళ్ళీ సీజను దాకా పొలాలవెంట వెళ్ళాల్సిందే.

ఇప్పుడు ఆ చోటుని చాలావరకు మిర్చి తీసుకుంది. సంక్రాంతి దాటగానే గుంటూరు యార్డు రోడ్డులో లారీలు బారులు తీరతాయి, ముక్కులోకి ఘాటు దిగుతుంది, బస్సులో కూర్చున్నవాళ్ళు కూడా తుమ్ముతారు. యార్డులో మిరప బస్తాని టిక్కీ అంటారు. నలభై కేజీల పైచిలుకు టిక్కీని వీపు మీద వేసుకుని హమాలీ మెట్లెక్కుతాడు, ఒకటి కాదు, రోజుకి వందలు. హమాలీలకి ముఠాలున్నాయి, సంఘాలున్నాయి, టిక్కీకి ఇంత అని రేటు ఒప్పందం ఉంటుంది, రెండేళ్ళకో మూడేళ్ళకో దాని మీద బేరం నడుస్తుంది. యార్డు బయట గోడౌన్లలో, రేకుల షెడ్లలో తొడిమలు తీసే ఆడవాళ్ళకి అదేమీ లేదు. కేజీల లెక్కన కూలి. తూకం అయ్యాక తీసిన కాయలోంచి తాలు పక్కన పెడితే ఆ బరువు పోతుంది. మొహానికి చీర కొంగు చుట్టుకుని, వేళ్ళకి నూనె రాసుకుని కూర్చుంటారు. సాయంత్రం ఇంటికెళ్ళాక ఎన్నిసార్లు కడుక్కున్నా గోళ్ళ సందుల్లో మంట ఉండిపోతుంది, పసిబిడ్డ ఉన్న తల్లి ఆ చేత్తో బిడ్డ కళ్ళు తుడవలేదు, పెద్దపిల్లని పిలిచి తుడిపిస్తుంది. కోల్డ్ స్టోరేజీలు వచ్చాక కాయ ఏడాదంతా నిల్వ ఉంటోంది. సరుకుకి సీజను పోయినా కూలికి పోలేదు. మే నెలలో యార్డుకి వేసవి సెలవులిస్తారు, ఆ సెలవులకి కూలి ఉండదు.

మగవాళ్ళ వైపు కూడా అందరూ రైల్వేవాళ్ళేమీ కాదు. బెజవాడ ఆటోనగర్ 1960లలో మొదలైంది, దాని చరిత్ర వేరే దారిలో నడిచింది. ఛాసిస్ మాత్రమే తెచ్చుకుని లారీకి బాడీ ఇక్కడ కట్టించుకునేవాళ్ళు, ఎక్కడెక్కడి రాష్ట్రాల బళ్ళో వచ్చి ఆగేవి. వడ్రంగి పని తెలిసినవాడు క్యాబిన్ చేశాడు, కమ్మరి ఇంటి కుర్రాడు లారీ స్ప్రింగు పట్టీల షాపులో కుదిరాడు, లేత్, వెల్డింగ్, టింకరింగ్, రేడియేటర్, పెయింటింగ్ దేనికదే ఒక వీధి అయింది. కులవృత్తి ఊళ్ళో చేస్తే వడ్లు కొలిచేవాళ్ళు, ఇక్కడ నోట్లు ఇచ్చారు. ఏ కులంవాడైనా హెల్పర్‌గా చేరి, టీలు మోసి, గ్రీజు తుడిచి, తిట్లు తిని అయిదారేళ్ళకి మేస్త్రీ అవ్వొచ్చు, కొందరు సొంత షెడ్డు పెట్టుకున్నారు. ఊళ్ళో రెండు గ్లాసుల హోటల్ ఉన్న రోజుల్లో ఆటోనగర్ టీ కొట్టులో అందరికీ ఒకటే గ్లాసు ఉండటం ఎంత ఊరటో దాన్ని అనుభవించినవాళ్ళకే తెలుసు. కానీ ఆ షెడ్డుల్లో ఎక్కువవాటిలో పనిచేసేది నలుగురైదుగురే. 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట 10 మంది, వాడని చోట 20 మంది ఉంటేనే వర్తించేది. ప్రావిడెంట్ ఫండ్ చట్టానికి 20 మంది ఉండాలి. వెల్డింగ్ మెరుపుకి చూపు మందగించిన మేస్త్రీ తన కళ్ళద్దాలు తనే కొనుక్కోవాలి. ఇప్పుడు కంపెనీలే పూర్తిగా కట్టిన బళ్ళు అమ్ముతుంటే బాడీ పని తగ్గిపోయింది, యాభై దాటిన మేస్త్రీలకి టెన్షన్ అదే, చేతిలో విద్య ఉంది, దానికి పని లేదు.

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ మొదటి యూనిట్ 1979లో తిరిగింది, ఇప్పుడు మొత్తం 2560 మెగావాట్లు. అక్కడ పర్మినెంటు ఉద్యోగికి కాలనీ, స్కూలు, షిఫ్ట్ అలవెన్సు. అదే బాయిలర్ పక్కన, అదే బూడిద పీలుస్తూ పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త ఐడీ కార్డు. కాంట్రాక్టు పనిని అదుపు చేయడానికి 1970లోనే చట్టం వచ్చింది. ఎప్పుడూ ఉండే పనికి కాంట్రాక్టు మనుషులు ఎందుకని అది అడిగింది, సమాధానం ఇంకా రాలేదు. పంపకంలోని రెండు వైపులూ ఒకే ప్రహరీ లోపల కనిపించే చోటు అది.

పని దొరికిన చోట ఇల్లు దొరకలేదు, అది ఇంకో కథ. బెజవాడకి మూడు వైపులా కొండలు, ఒక వైపు కృష్ణ, మధ్యలో కాలవలు, బుడమేరు వాగు. బల్లపరుపు నేల డబ్బున్నవాళ్ళకి పోగా కూలివాళ్ళు కొండలెక్కారు, చిట్టినగర్, వించిపేట, మొగల్రాజపురం వాలుల్లో మెట్లు కట్టుకుంటూ, బిందెలు మోసుకుంటూ. మొగల్రాజపురంలో ఒక కూడలి పేరు సున్నపుబట్టీల సెంటర్, ఒకప్పుడు అక్కడ సున్నం కాల్చిన చేతుల గుర్తు ఆ పేరొక్కటే. 2024 ఆగస్టు 31న సరిగ్గా అక్కడే కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడి మనుషులు పోయారు. మర్నాడు బుడమేరు సింగ్ నగర్‌ని ముంచింది, ఆటోవాళ్ళు, మేస్త్రీలు, షాపుల్లో పనిచేసేవాళ్ళు ఉండే పేట, రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయింది. ఊరు పెరగడానికి కావాల్సిన చేతులన్నీ ఊరికి ప్రమాదకరమైన అంచుల్లో కాపురం పెట్టడం యాదృచ్ఛికం కాదు.

ఇంతా చెప్పాక పాత రోజులే బాగుండేవని ఎవరైనా అనుకుంటే అది తప్పు. డొక్కల కరువు మళ్ళీ రాలేదు. పాలేరు బతుకు పోయింది. తొడిమలు తీసే ఆమెకి కూలి తక్కువే కావచ్చు, కానీ అది ఆమె చేతికి వస్తుంది, పిల్ల ఫీజు కట్టేది, చీటీ వేసేది ఆ డబ్బుతోనే. రాట్నం కాలపు నాలుగు డబ్బుల మీద ఆమెకి ఎంత హక్కు ఉండేదో దీని మీదా అంతే ఉంది. మధ్యలో వందేళ్ళకి పైగా గడిచినా అంతకన్నా పెరగకపోవడం దగ్గరే అసలు బాధ.

ఇప్పుడు చట్టాలు మళ్ళీ కదులుతున్నాయి. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త కార్మిక చట్టంలో, అంటే లేబర్ కోడ్‌లో, ఫ్యాక్టరీ అనడానికి కావాల్సిన సంఖ్యని 10 నుంచి 20కి, కరెంటు వాడని చోట 20 నుంచి 40కి పెంచారు, అంటే ఆటోనగర్ షెడ్డుకీ రేకుల గోడౌన్‌కీ చట్టం ఇంకొంచెం దూరం జరిగింది. మన రాష్ట్ర ప్రభుత్వం 2025లో రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది. గంటలు లెక్కపెట్టే గడియారం ఉన్న చోట దీని మీద కనీసం వాదించవచ్చు. లెక్కే లేని చోట ఏం వాదిస్తారు?

గుంటూరు శివారు ఊళ్ళల్లో ఫిబ్రవరి పొద్దున్న ఆరింటికి ట్రక్కు ఆటో వచ్చి ఆగుతుంది. పదిహేను మంది ఎక్కుతారు, ముఠా మేస్త్రీ ఆమె, అవును, ఆమె కూడా కూలి మనిషే, జేబుకి సరిపోయే చిన్న నోటు పుస్తకంలో పేర్లు రాసుకుంటుంది. సాయంత్రం పేరు పక్కన కేజీలు. చట్టం ప్రకారం బిడ్డ పుట్టేముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేస్తే జీతంతో సెలవు రావాలి. ఆ 80 రోజులూ ఉన్నవి ఆ నోటు పుస్తకంలోనే, మూడు గోడౌన్ల పేర్ల కింద చీలిపోయి, కొన్ని పేజీలు నూనె మరకలతో. 2021లో కేంద్రం ఈ-శ్రమ్ కార్డు తెచ్చింది, వీళ్ళలో చాలామంది చేయించుకున్నారు, 12 అంకెల నంబరు ఉంటుంది, పేరు, వృత్తి ఉంటాయి. ఎవరి దగ్గర పనిచేస్తున్నారో రాయడానికి దాని మీద గడి లేదు. ఏప్రిల్ ఆఖరికి పుస్తకం నిండుతుంది. సీజను లెక్కలు తేలాక మేస్త్రీ ఇంట్లో అది పొయ్యి కిందికో, పాత కాగితాలవాడి తక్కెడలోకో పోతుంది, వచ్చే జనవరికి కొత్తది కొంటారు.